‘గత నెల’ అంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? డాష్‌బోర్డుల్లో కాలం ఫిల్టర్ చేసే పని

క్లుప్తంగా

డేటా ఒకటే, నెల ఒకటే, అయినా రెండు రిపోర్టుల్లో రెండు మొత్తాలు. ఇలాంటప్పుడు అనుమానం ముందుగా ఎంట్రీ చేసిన మనిషి మీదికి పోతుంది. చాలాసార్లు తేడా వచ్చేది ఎంట్రీలో కాదు, తేదీల ఫిల్టర్‌లో. ఏ తేదీని లెక్కలోకి తీసుకోవాలి, రోజు ఏ గంటకు మారాలి, వచ్చిన అంకెను ఏ కాలంతో పోల్చాలి అన్నవి సాఫ్ట్‌వేర్ తనంతట తానే తేల్చేస్తుంది. పండుగలు తిథిని బట్టి, పంటలు వానను బట్టి నడిచే కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఈ తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

రెండు ఉగాదులు పడ్డ ఏడాది

2024-25 ఆర్థిక సంవత్సరంలో ఉగాది రెండుసార్లు వచ్చింది. ఒకటి 2024 ఏప్రిల్ 9న, ఇంకోటి 2025 మార్చి 30న. దానికి ముందటి 2023-24లో ఒక్కసారి కూడా రాలేదు. 2023 ఉగాది మార్చి 22నే వచ్చి 2022-23 లెక్కలో కలిసిపోయింది. రంజాన్ పండుగ 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. అంటే ఆ రెండూ కూడా ఒకే ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి.

బట్టలకు, బంగారానికి పేరున్న ప్రొద్దుటూరులో ఒక దుకాణం తన అమ్మకాల డాష్‌బోర్డు (అంకెలను, గ్రాఫులను ఒకే తెర మీద చూపే పేజీ) తెరిచి 2024-25ను నిరుటితో పోల్చి చూసిందనుకుందాం. అమ్మకాలు పెరిగినట్టు పచ్చ బాణం కనిపించే అవకాశం ఎక్కువ. అందులో దుకాణం కష్టం ఎంత, పంచాంగం పుణ్యం ఎంత అన్నది ఆ బాణం చెప్పదు. నెలవారీగా చూస్తే తికమక మరీ ఎక్కువ. 2025 మార్చిని 2024 మార్చితో పోలిస్తే వ్యాపారం ఎగిరినట్టు, 2025 ఏప్రిల్‌ను 2024 ఏప్రిల్‌తో పోలిస్తే కూలినట్టు ఉంటుంది. పండుగ బేరాలు ఏప్రిల్ మొదటి వారం నుంచి మార్చి చివరికి జరిగాయి, అంతే.

పెళ్లి ముహూర్తాల సంగతి ఇంకా చిక్కు. 2023లో జులై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం. 2024లో శుక్ర మౌఢ్యమి వల్ల మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేవు. పట్టుచీరలు, నగలు అమ్మేవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ‘నిరుడు ఇదే కాలం’ అన్న ఫిల్టర్‌కు మాత్రం తెలియదు. అది నిరుటి అవే ఇంగ్లిష్ తేదీలను తెచ్చి పక్కన పెడుతుంది. ‘మూఢం తీసేసి చూపించు’ అనే బటన్ ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు.

దీనికి దారి ఉంది. తేదీల కోసం విడిగా ఒక పట్టిక పెట్టుకుని, ప్రతి తేదీ పక్కన అది ఏ ఆర్థిక సంవత్సరం, ఏ త్రైమాసికం, ఏ తెలుగు మాసం, ఉగాదికి ఎన్ని రోజుల ముందు వంటివి రాసిపెట్టడం. పవర్ బీఐ, టాబ్లో లాంటి డాష్‌బోర్డు తయారీ సాఫ్ట్‌వేర్లలో ఆ పట్టికను అమ్మకాల డేటాకు జోడించవచ్చు. అప్పుడు ఫిల్టర్‌లో మార్చి, ఏప్రిల్ అని కాకుండా ‘ఉగాదికి ముందు 15 రోజులు’ అని ఎంచుకుని రెండేళ్లను పోల్చవచ్చు. ఈ పట్టికను ఏడాదికోసారి పంచాంగం ముందేసుకుని నింపితే చాలు. పని చిన్నదే. అయినా డాష్‌బోర్డు తయారుచేసే దశలో దాదాపు అందరూ వదిలేసేది ఇదే.

ఆర్థిక సంవత్సరం దగ్గరే ఇంకో అడ్డంకి ఉంది. ఎక్సెల్‌లో 2013 నుంచి ఉన్న టైమ్‌లైన్ ఫిల్టర్ రోజు, నెల, త్రైమాసికం, ఏడాదిగా డేటాను విడగొడుతుంది. అయితే దాని మొదటి త్రైమాసికం జనవరి నుంచి మార్చి. మన ఖాతాల్లో అది చివరి త్రైమాసికం. టాబ్లోలో ఆర్థిక సంవత్సరం ఏ నెలలో మొదలవ్వాలో మార్చుకునే వీలుంది. పవర్ బీఐలో ఏడాది మొత్తం లెక్కించే ఫార్ములాకు మార్చి 31 అని ముగింపు తేదీ చెప్పాలి. చెప్పకపోతే డిసెంబరు 31కి లెక్క మూసేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, అంకె మాత్రం తప్పు వస్తుంది.

‘గత నెల’కు రెండు అర్థాలు

తేదీల ఫిల్టర్లు రెండు రకాలు. ఒకటి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గట్టిగా చెప్పేది. రెండోది ఇవాళ్టిని ఆధారం చేసుకుని వెనక్కి లెక్కపెట్టేది. ‘గత 7 రోజులు’, ‘గత నెల’, ‘ఈ త్రైమాసికం’ అన్నీ ఈ రెండో రకం. రోజూ తేదీలు మార్చే పని తప్పుతుంది కాబట్టి ఎక్కువమంది దీన్నే వాడతారు. తగాదాలు కూడా ఎక్కువ దీనితోనే.

పవర్ బీఐలో జులై 20న ‘గత 1 నెల’ అని ఎంచుకుంటే జూన్ 21 నుంచి జులై 20 వరకు చూపిస్తుంది. దాని కిందే ‘క్యాలెండర్ నెల’ అనే మరో ఎంపిక ఉంటుంది. అది ఎంచుకుంటే జూన్ 1 నుంచి 30 వరకు వస్తుంది. అకౌంట్స్ చూసే మనిషి మనసులో రెండోది, మార్కెటింగ్ చూసే మనిషి మనసులో మొదటిది ఉంటుంది. ఇద్దరూ ‘గత నెల’ అనే అంటారు. పక్కనే ఇవాళ్టిని కలపాలా వద్దా అన్న మరో మీట ఉంటుంది. పొద్దున పదింటికి ఇవాళ్టిని కలిపి చూస్తే, సగం కూడా నడవని రోజు పూర్తి రోజులతో కలిసి సగటును కిందికి లాగుతుంది.

లుకర్ స్టూడియో అనే గూగుల్ డాష్‌బోర్డు సాధనం తనంతట తాను తీసుకునే కాలం గత 28 రోజులు, అదీ ఇవాళ్టిని వదిలేసి. 30 కాకుండా 28 అంటే సరిగ్గా నాలుగు వారాలు. రాయలసీమలో సంతను చూస్తే దీని విలువ తెలుస్తుంది. వారానికోసారి సంత జరిగే ఊళ్లో కొన్ని నెలల్లో నాలుగు సంతలు, కొన్ని నెలల్లో ఐదు పడతాయి. ప్రతి సంతలోనూ బేరం అంతే జరిగినా, ఐదు సంతల నెలలో అమ్మకాలు 25 శాతం పెరిగినట్టు నెలవారీ రిపోర్టు చూపిస్తుంది. 28 రోజుల కిటికీలో ఎప్పుడు చూసినా నాలుగే సంతలు. చూడటానికి వింతగా అనిపించినా వారం మీద నడిచే వ్యాపారాలకు నెలవారీ లెక్క కన్నా ఇదే న్యాయమైన కొలత.

నెల మధ్యలో వచ్చే మరో గందరగోళం ‘ఈ నెల ఇప్పటివరకు’ అన్న అంకె. పదో తేదీన దాన్ని పోయిన నెల మొత్తంతో పోలిస్తే వ్యాపారం మూడో వంతుకు పడిపోయినట్టు ఉంటుంది. పోల్చాల్సింది పోయిన నెల మొదటి పది రోజులతో. మంచి డాష్‌బోర్డులు ఇలాగే పోలుస్తాయి. చేతితో కట్టిన ఎక్సెల్ రిపోర్టుల్లో ఇది తరచూ తప్పిపోతుంది.

రోజు ఎన్ని గంటలకు మారుతుంది?

అర్ధరాత్రి 12 దాటగానే తేదీ మారుతుందన్నది మన గడియారం లెక్క. కంప్యూటర్ సర్వర్లు చాలావరకు యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని దాచుకుంటాయి. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. అంటే యూటీసీ లెక్కలో కొత్త రోజు మొదలయ్యేది మనకు ఉదయం 5.30కి. పవర్ బీఐలో ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కపెట్టే ఫిల్టర్ ఎప్పుడూ యూటీసీ ప్రకారమే నడుస్తుంది. తెల్లవారుజామున 5 గంటలకు కడపలో ఒక మేనేజర్ ‘ఇవాళ’ అని నొక్కితే, ఫిల్టర్ దృష్టిలో అది ఇంకా నిన్నే. గ్రఫానా అనే మరో డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ మాత్రం మామూలుగా చూసేవాళ్ల బ్రౌజర్ సమయాన్ని తీసుకుంటుంది. కాబట్టి ఒకే గ్రఫానా డాష్‌బోర్డును అనంతపురంలోనూ అమెరికాలోనూ తెరిస్తే ‘ఇవాళ’ మొత్తం రెండు చోట్లా వేరుగా ఉండవచ్చు.

ఈ ఐదున్నర గంటల తప్పు అన్ని రంగాల్లోనూ ఒకేలా బయటపడదు. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్ లాంటి 1,000 మెగావాట్ల సౌర కేంద్రాన్ని తీసుకుంటే, రోజువారీ ఉత్పత్తిని యూటీసీ రోజు ప్రకారం కూడినా మొత్తం మారదు. ఉదయం 5.30కి ముందు ఈ ప్రాంతంలో ఎండే ఉండదు. వేసవిలో కూడా సూర్యుడు ఆ తర్వాతే ఉదయిస్తాడు. హద్దు చీకట్లో పడింది కాబట్టి తప్పు కనిపించకుండా దాక్కుంటుంది. అదే రిపోర్టును ఉరవకొండ వైపు ఉన్న గాలిమరలకు వాడితే తప్పు బయటపడుతుంది. గాలి రాత్రంతా వీస్తుంది, అర్ధరాత్రి నుంచి 5.30 వరకు తయారైన కరెంటు నిన్నటి ఖాతాలో పడుతుంది. సోలార్‌లో సరిగ్గా వచ్చిందని అదే పద్ధతిని గాలి విద్యుత్తుకు దించితే జరిగేది ఇది. తెల్లవారకముందే పాలు పోయించుకునే కేంద్రాలకు, రాత్రి పది గంటలకు బయల్దేరి పొద్దున చేరే బస్సుల టికెట్ లెక్కలకూ ఇదే ఇబ్బంది.

రోజు చివరి హద్దులో ఇంకో లోపం ఉంటుంది. ఎక్సెల్ తేదీలను అంకెలుగా దాచుకుంటుంది. 2025 మార్చి 31 అంటే దానికి 45747. ఆ రోజు సాయంత్రం 6 గంటలకు వేసిన బిల్లు 45747.75. ఫిల్టర్‌లో ‘మార్చి 31 వరకు’ అని పెడితే, కొన్ని పద్ధతుల్లో అది 45747 వరకే ఆగిపోతుంది. అంటే మార్చి 31 మొదలైన క్షణం తర్వాత ఆ రోజంతా వేసిన బిల్లులన్నీ జారిపోతాయి. డేటాబేస్ నుంచి డేటా అడిగే క్వెరీల్లోనూ ఇది మామూలుగా జరిగే తప్పే. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు హడావిడిగా వేసిన బిల్లులే ఏడాది రిపోర్టులో లేకపోతే ఆడిటర్ దగ్గర కలిగే టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు. అందుకే జాగ్రత్తగా రాసేవాళ్లు ‘మార్చి 31 వరకు’ అనకుండా ‘ఏప్రిల్ 1 కంటే ముందు’ అని షరతు పెడతారు.

తేదీ రాసే తీరు కూడా చూడాలి. 04/03/2025 మనకు మార్చి 4, అమెరికా సెట్టింగ్‌లో ఉన్న కంప్యూటర్‌కు ఏప్రిల్ 3. రోజు 12 దాటితే ఆ కంప్యూటర్ దాన్ని తేదీగా కాక వట్టి అక్షరాలుగా తీసుకుని ఫిల్టర్ బయటే వదిలేస్తుంది. ఒక నెలలో 12వ తేదీ తర్వాతి డేటా అంతా మాయమైతే ముందు ఇది చూడాలి.

వాన లెక్కలో హద్దు

వాతావరణ శాఖ వానను కొలిచే రోజు అర్ధరాత్రితో మొదలవదు. ముందు రోజు ఉదయం 8.30 నుంచి ఆ రోజు ఉదయం 8.30 వరకు కురిసినదంతా ఆ రోజు తేదీతో నమోదవుతుంది. అంటే సెప్టెంబరు 30 మధ్యాహ్నం కురిసిన వాన రికార్డులో అక్టోబరు 1 కింద ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలం జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కాబట్టి, ఆ వాన ఆ కాలం రిపోర్టులోకి రాదు.

ఇది పుస్తకాల్లో చెప్పుకునే చిన్న తేడా కాదని 2009 చూపించింది. ఆ ఏడాది జూన్-సెప్టెంబరు మధ్య దేశం మొత్తమ్మీద వాన మామూలు కన్నా దాదాపు 22 శాతం తక్కువ. కరువు సంవత్సరం. సెప్టెంబరు చివర మొదలైన కుండపోతతో హంద్రీ, తుంగభద్ర పొంగి అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. ‘నైరుతి కాలం’ అని ఫిల్టర్ పెడితే దేశం లెక్కలో 2009 ఎండిన ఏడాదిగా కనిపిస్తుంది. ‘అక్టోబరు’ అని పెడితే వరద ఏడాది. జూన్ నుంచి మరుసటి మే వరకు నడిచే నీటి సంవత్సరం పెడితే రెండూ ఒకే మొత్తంలో కలిసిపోయి, కరువూ కనపడకపోవచ్చు, వరదా కనపడకపోవచ్చు. మూడు రిపోర్టుల్లోనూ అంకెలు నిజమే.

2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అది ఈశాన్య రుతుపవనాల కాలం. జూన్-సెప్టెంబరు మీదే కన్నేసి ఉంచే డాష్‌బోర్డులో ఆ సంఘటన జాడే ఉండదు. తూర్పు రాయలసీమకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లు తయారుచేసిన రిపోర్టుకు, దేశమంతటికీ ఒకే అచ్చుగా వచ్చిన రిపోర్టుకు తేడా ఇక్కడే తెలుస్తుంది.

వేరుశనగ విషయంలో ఇంకోలా ఉంటుంది. అనంతపురంలో జూన్, జులై నెలల్లో విత్తితే అక్టోబరు, నవంబరు నాటికి కాయ వస్తుంది. మధ్యలో ఊడలు దిగే సమయంలో నెల రోజులు వాన మొహం చాటేస్తే పంట దెబ్బతింటుంది. కాలం మొత్తానికి కూడితే మిల్లీమీటర్లు సరిపోయినట్టే చూపించవచ్చు. పెద్ద కాలాన్ని ఎంచుకున్నకొద్దీ మధ్యలోని ఖాళీ కనుమరుగవుతుంది. అందుకే పంటనష్టం చర్చలో నెల మొత్తాల కన్నా వరసగా ఎన్ని రోజులు వాన లేదన్న లెక్క ఎక్కువ పనికొస్తుంది.

కూడదగ్గవి, కూడకూడనివి

కాలం ఫిల్టర్ అన్ని రకాల అంకెల మీదా ఒకేలా పనిచేయదు. అమ్మకాలు, వాన, నీటి ప్రవాహం లాంటివి కాలంతో పాటు కూడుకుంటూ పోవచ్చు. రోజంతా 11,574 క్యూసెక్కుల చొప్పున నీరు వస్తే ఒక టీఎంసీ అవుతుంది. అలా ముప్పై రోజులు కూడితే నెల ప్రవాహం వస్తుంది. శ్రీశైలం జలాశయం నీటిమట్టం అలాంటిది కాదు. నిండితే 885 అడుగులు. దాన్ని ముప్పై రోజులు కూడితే వచ్చే అంకెకు అర్థం లేదు. అయినా డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఏ అంకెనైనా ముందు కూడి చూపిస్తాయి. నెల ఆఖరి మట్టం కావాలా, గరిష్ఠ మట్టం కావాలా, సగటు కావాలా అన్నది మనిషి నిర్ణయించి చెప్పాలి.

గోదాములో సరుకు, బ్యాంకులో నిల్వ కూడా మట్టం లాంటివే. ఖాతాలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్, ఎఫ్2 నొక్కి కాలాన్ని మారిస్తే ముందటి నిల్వను అదే తీసుకొచ్చి చూపిస్తుంది. ఆ ఎంట్రీలను ఎక్సెల్‌కు ఎగుమతి చేసి, ఏప్రిల్ 1 నుంచి ఫిల్టర్ పెట్టి, నిల్వ మళ్లీ లెక్కేస్తే చిక్కు మొదలవుతుంది. పాత నిల్వ రాకుండా సున్నా నుంచి లెక్క మొదలై, ఉన్న డబ్బు లేనట్టు, తీరని బాకీ తీరినట్టు కనిపిస్తుంది.

ఒక పనికి నాలుగు తేదీలు

మార్చి ఆఖరి వారంలో జరిగిన ఉపాధి హామీ పనిని తీసుకుంటే, పని చేసిన తేదీ ఒకటి, మస్టర్ (హాజరు పట్టిక) కంప్యూటర్‌లో ఎక్కిన తేదీ ఒకటి, చెల్లింపు ఆదేశం తయారైన తేదీ ఒకటి, కూలీ ఖాతాలో డబ్బు పడిన తేదీ ఇంకొకటి. మొదటిది ఒక ఆర్థిక సంవత్సరంలో, చివరిది మరో ఆర్థిక సంవత్సరంలో పడవచ్చు. ‘2024-25’ అని ఫిల్టర్ పెట్టినప్పుడు వీటిలో దేని మీద పెట్టినట్టు? రిపోర్టు మీద ఉండే ‘తేదీ’ అన్న ఒక్క మాటతో అది తెలియదు. పనిదినాల రిపోర్టు పని తేదీ మీద, చెల్లింపుల రిపోర్టు జమ తేదీ మీద నడిస్తే, రెండింటినీ భాగించి రోజు కూలీ సగటు తీయడం తప్పు. రాయలసీమలో ఈ పనులు ఎండాకాలంలోనే ఎక్కువ కాబట్టి, ఆర్థిక సంవత్సరం మారే మార్చి-ఏప్రిల్ దగ్గరే ఈ తేడా బలంగా ఉంటుంది.

ఆలస్యంగా ఎక్కే ఎంట్రీలతో మరో చిక్కు. సోమవారం చూసిన ‘గత వారం’ అంకె గురువారానికి పెరుగుతుంది. ఎవరూ మోసం చేయలేదు, మారుమూల కేంద్రం నుంచి డేటా అప్పుడు వచ్చింది. చివరి రెండు మూడు రోజుల అంకెలు ఎప్పుడూ కాస్త తక్కువగానే ఉంటాయన్న ఎరుక లేకపోతే, గ్రాఫ్ చివర కిందికి వంగిన గీతను చూసి పని తగ్గిందని తేల్చేస్తారు.

పేరు అదే, జిల్లా వేరు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాయి. కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాలు చిత్తూరు జిల్లా భాగాలతో కలిసి అన్నమయ్య జిల్లాగా ఏర్పడ్డాయి. 63 మండలాల పాత అనంతపురంలో దాదాపు సగం కొత్త జిల్లాకు వెళ్లాయి. ఫిల్టర్‌లో ‘అనంతపురం, 2019 నుంచి 2024’ అని పెడితే వేరుశనగ విస్తీర్ణం ఒక్క ఏడాదిలో కుప్పకూలినట్టు గీత వస్తుంది. కాలం పొడవునా పోల్చాలంటే జిల్లా పేరును వదిలి మండలాల స్థాయిలో డేటా తీసుకుని తిరిగి కూడాలి. వేరే దగ్గరి దారి లేదు.

దీని ప్రభావం ఎక్కడ పడుతుంది

ఈ అంకెల మీద సరుకు ఆర్డర్లు వెళ్తాయి, టార్గెట్లు పెడతారు, సిబ్బందికి ఇన్సెంటివ్‌లు లెక్కవేస్తారు. రెండు ఉగాదులు పడ్డ ఏడాదిని ఆధారం చేసుకుని మరుసటి ఏడాదికి 15 శాతం పెంచి టార్గెట్ పెడితే, ఆ భారం కౌంటర్ దగ్గర నిలబడే కుర్రవాళ్ల మీద పడుతుంది. సమీక్ష సమావేశాల్లో ఒక శాఖ ఆర్థిక సంవత్సరం, ఇంకో శాఖ వ్యవసాయ కాలం, మరో శాఖ విద్యా సంవత్సరం పట్టుకుని మాట్లాడితే సమయమంతా ఎవరి అంకె సరైనదన్న వాదనకే పోతుంది.

రిపోర్టు తయారుచేసేవాళ్లు పైన ఒక వరసలో నాలుగు సంగతులు అచ్చువేస్తే ఈ వాదనలో చాలా భాగం తగ్గుతుంది: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ తేదీ దేనికి సంబంధించినది, ఏ సమయ మండలం, డేటా చివరిసారి ఎప్పుడు తాజా అయింది. పేజీ మీద కనిపించే ఫిల్టర్‌తో పాటు లోపల దాచిన ఫిల్టర్ ఏదైనా ఉంటే అదీ చెప్పాలి. రెండూ కలిసి పనిచేస్తాయి కాబట్టి, లోపల ‘గత రెండేళ్లు’ అని ఉంటే పైన ‘అన్ని సంవత్సరాలు’ అని ఎంచుకున్నా రెండేళ్లే వస్తాయి.

వాట్సాప్‌లో లింకు పంపేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. ‘గత 7 రోజులు’ అన్న ఫిల్టర్‌తో శుక్రవారం పంపిన లింకును అవతలివాళ్లు సోమవారం తెరిస్తే, వాళ్లకు వేరే ఏడు రోజులు కనిపిస్తాయి. గ్రఫానాలో లింకు పంచుకునేటప్పుడు కాలాన్ని స్థిరం చేసే ఎంపిక ఉంది. అలాంటి వీలు లేని చోట అసలు తేదీలను ఎంచుకుని, ఆ తర్వాతే లింకు పంపాలి.